బరువు తగ్గే ఆపరేషను సరే... ఊరికొచ్చాక చూసేదెవరు?

లావు తగ్గడానికి ఆపరేషను చేయించుకోవడం ఒకప్పుడు పట్నవాసపు ముచ్చట. ఇప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లోనూ ఆ మాట వినిపిస్తున్నది. మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేని ఇల్లాళ్ళు, ఎన్ని మందులు మింగినా షుగరు అదుపులోకి రాని మధ్యవయస్కులు విజయవాడకో, రాత్రి రైలెక్కి హైదరాబాదుకో వెళ్ళి ఆపరేషను చేయించుకుని వస్తున్నారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో మూడింట ఒక వంతుకు మించిన వారు ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువు ఉన్నారు. కనుక ఈ ప్రయాణాలు ఇకముందు పెరిగేవే గాని తగ్గేవి కావు.

అయితే అసలు చిక్కు ఆపరేషను బల్ల మీద లేదు. ఆపరేషను జరిగేది నగరంలో, ఆ తరువాత బతుకంతా గడిచేది ఊళ్ళో. అక్కడి సర్జనుకు తెలిసిన సంగతి ఇక్కడి ఆర్.ఎం.పి.కి తెలియదు, ఆశా కార్యకర్తకు తెలియదు, మందుల షాపు కుర్రవాడికి అసలే తెలియదు. చాలా సందర్భాలలో ఇంట్లో వాళ్ళకూ సగమే తెలుసు. ప్రమాదం ఈ సందులోనే పొంచి ఉన్నది.

ముందు ఒక పొరపాటును సరిచేసుకోవలసి ఉంది. 2015 జూన్‌లో సినీనటి ఆర్తి అగర్వాల్ అమెరికాలో కన్నుమూసిన నాటి నుంచి లావు తగ్గే ఆపరేషను అనగానే చాలామంది ఆమె పేరే ఎత్తుతున్నారు. ఆమె చేయించుకున్నట్టు అప్పట్లో పత్రికలలో వచ్చినది లైపోసక్షన్. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగివేసే పద్ధతి అది. ఇప్పుడు చెప్పుకుంటున్న బేరియాట్రిక్ ఆపరేషను కడుపుకు, పేగులకు చేసేది. రెండింటినీ ఒకే గాట కట్టి భయపడడం సరికాదు.

ఈ బేరియాట్రిక్‌లో ముఖ్యంగా రెండు రకాలు. స్లీవ్ అనే దానిలో కడుపు సంచిని నాలుగింట మూడు వంతులు కోసి తీసివేసి, మిగిలిన దానిని అరటికాయ వంటి సన్నని గొట్టంగా ఉంచుతారు. బైపాస్ అనే దానిలో కడుపు పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దానికి నేరుగా చిన్నపేగును కలుపుతారు. బైపాస్ నిన్న మొన్నటి ప్రయోగమేమీ కాదు. 1960 దశకంలోనే అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను దీనికి శ్రీకారం చుట్టారు. అనుభవం ఉన్నచోట ఈ ఆపరేషన్ల వల్ల ప్రాణాపాయం వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి వరకు మాత్రమే. షుగరు, బి.పి. తగ్గి మందుల సంచి తేలికైన వారు చాలామంది ఉన్నారు. కనుక ఆపరేషనును తిట్టిపోయడం న్యాయం కాదు.

కాకపోతే అది అందరికీ కాదు. అయిదడుగుల మూడంగుళాల మనిషికి దాదాపు 96 కిలోలు దాటితే గాని, షుగరు వంటి జబ్బులుంటే 83 కిలోలు దాటితే గాని ఆపరేషను మాట ఎత్తకూడదన్నది మన దేశంలో చాలాకాలం పాటించిన లెక్క. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఆసియా వారికి ఈ హద్దును ఇంకా తగ్గించాయి. ఎంత తగ్గించినా, పెళ్ళిచూపుల ముందు పది కిలోలు తగ్గాలనుకునే ఆడపిల్ల కోసం మాత్రం ఇది లేదు.

రెండు మూడు రోజుల్లోనే ఇంటికి

ఆపరేషను అయిన రెండు మూడు రోజులకే ఆసుపత్రి నుంచి పంపివేస్తారు. కడుపు కోసి కుట్టినచోట చిల్లు పడి లోపలి ద్రవం కారడం నూటికి ఒకరిద్దరికి జరుగుతుంది. అది ఎక్కువగా మొదటి రెండు వారాలలోనే, అంటే రోగి ఇల్లు చేరిన తరువాతే బయటపడుతుంది. జ్వరం, కడుపు నొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం దాని గుర్తులు. అన్నిటికంటే ముందు కనిపించేది నాడి వేగం. గడియారం పెట్టి చూస్తే నిమిషానికి 120 దాటి కొట్టుకుంటున్నదంటే గ్యాసు అనుకుని మాత్ర వేసి పడుకోబెట్టడానికి వీల్లేదు. కాళ్ళలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు ఎక్కినా ఇలాగే ఆయాసం, గుండెదడ వస్తాయి. ఏది ఏదో ఊళ్ళో తేలదు. 108కి ఫోను చేయవలసిందే, ఆపరేషను చేసిన సర్జనుకూ చెప్పవలసిందే.

సెలైను బాటిలుతో జాగ్రత్త

ఇంతకంటే గుట్టుగా వచ్చే ముప్పు వాంతులది. కడుపు చిన్నదైపోయినా కన్ను చిన్నది కాదు. పైగా గోదావరి జిల్లాల మర్యాద ఒకటి ఉండనే ఉంది. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి నాలుగు ముద్దలు తిని చేయి కడుక్కుంటే మన ఇళ్ళలో ఊరుకుంటారా? 'ఏమీ తినలేదేంటమ్మా, ఇంకొక్క గరిటె' అని కొసరి కొసరి వడ్డిస్తారు. ఆపరేషను అయిన మనిషికి ఆ ఒక్క గరిటే వాంతి. తినేటప్పుడు నీళ్ళు తాగినా, నమలకుండా మింగినా అంతే. మార్గం బాగా ఇరుకైనా వాంతులు వస్తాయి. అవి వారాల తరబడి సాగితే మనిషి నీరసించి మంచాన పడతాడు. నీరసానికి మన ఊళ్ళలో తెలిసిన వైద్యం ఒక్కటే. ఆర్.ఎం.పి. వచ్చి గూటానికి గ్లూకోజు సెలైను బాటిలు వేలాడదీస్తాడు.

ఇక్కడే ఘోరం జరిగే అవకాశం ఉంది. వాంతుల వల్ల ఒంట్లో బి1 విటమిను కరువవుతుంది. దీని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. బి1 లేని ఒంటికి గ్లూకోజు ఎక్కిస్తే, ఆ గ్లూకోజును అరాయించుకోవడానికి మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. ఒకటి రెండుగా కనిపించడం, నడుస్తూ తూలిపోవడం, మాట పొంతన లేకపోవడం దీని లక్షణాలు. గాలి సోకిందనో, తాగాడనో అనుకుని రెండు రోజులు జాగు చేస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ముందుగా బి1 ఇంజక్షను ఇచ్చి ఆ తరువాత గ్లూకోజు పెట్టడమే దీనికి విరుగుడు. ఆ ఇంజక్షను ఖరీదైనదీ కాదు, దొరకనిదీ కాదు. అది గుర్తుకు రావడమే కావాలి.

బి1 కరువు ఈ నేలకు కొత్త కాదన్నది గమనార్హం. పాలిష్ పట్టిన బియ్యం తినే కోస్తా జిల్లాల్లో బెరిబెరి ఒకప్పుడు పేరుమోసిన జబ్బు. ఉత్తర సర్కారులలోని ఈ జబ్బుపై 1920 దశకంలో కూనూరు పరిశోధనశాలకు చెందిన మెక్‌కారిసన్ పరిశోధనలు చేశారు. తాతల నాడు మరపట్టిన బియ్యంతో వచ్చిన లోటే ఇప్పుడు మరో దారిన వస్తున్నది.

నొప్పి మాత్రల సంగతీ ఇలాంటిదే. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ మాత్ర చీటీ లేకుండానే ఏ షాపులోనైనా దొరుకుతున్నది. బైపాస్ అయిన మనిషి అలవాటుగా వాటిని మింగితే కడుపు, పేగు కలిపినచోట పుండు పడి రక్తం కారవచ్చు, చిల్లు కూడా పడవచ్చు. బీడీ, చుట్ట, సిగరెట్టు వల్లా అంతే. సారా సంగతి వేరే చెప్పనక్కరలేదు. మునుపటి కొలతే తాగినా బైపాస్ తరువాత మత్తు త్వరగా, గట్టిగా తలకెక్కుతుంది.

ఇక విటమిన్లు, ఐరన్, కాల్షియం, బి12 జీవితాంతం వాడవలసినవి. బరువు తగ్గింది, షుగరు తగ్గింది, ఇక మాత్రలెందుకని ఏడాదికే మానేసేవారు తక్కువేమీ కాదు. నెల నెలా ఖర్చు కూడా ఒక కారణం. ఆపరేషనుకు అప్పు చేసిన ఇంట్లో అన్నిటికంటే ముందు ఆగిపోయేది ఈ మాత్రలే. బి12 నిల్వ ఏడాది, రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే సరిపోతుంది కాబట్టి మానిన వెంటనే ఏమీ తెలియదు. తరువాత అరికాళ్ళు తిమ్మిరెక్కి, మెట్టినచోట తెలియకుండా పోతుంది. అప్పటికి ఆపరేషను సంగతి మరచిపోయి నరాల డాక్టరు కోసం వెతుకుతారు. మూడు నాలుగు నెలలకు జుట్టు రాలడం చూసి మాత్రం అందరూ బెంబేలెత్తుతారు. అది సాధారణంగా మళ్ళీ వచ్చేదే. అన్నం కంటే ముందు గుడ్డు, చేప, పప్పు తినాలన్న నియమం పాటిస్తే ఆ బాధ తగ్గుతుంది. త్వరగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు రావడం కూడా ఉంది. దానికి ఆరు నెలలు వాడే మందు ఉంది, అడిగి రాయించుకోవాలి.

పెళ్ళయిన ఆడవారి విషయంలో మరొకటి చెప్పవలసి ఉంది. లావు వల్ల నెలసరి తప్పి, పిల్లలు లేరనే కారణంగానే కొందరు ఆపరేషనుకు ఒప్పుకుంటున్నారు. బరువు తగ్గగానే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. కాని ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు ఆగడం తల్లికీ బిడ్డకూ మంచిదని వైద్యులు చెబుతారు. అత్తవారింట్లో ఈ మాట కోడలు చెబితే చెల్లదు. డాక్టరే భర్తను, అత్తగారిని కూర్చోబెట్టి చెప్పాలి.

ఇన్ని సంగతులను ఆసుపత్రి వారు చెప్పడం లేదని కాదు. ఇంగ్లీషులో అచ్చువేసిన నాలుగు పేజీల కాగితం చేతిలో పెడితే చెప్పినట్టే లెక్క వేసుకుంటున్న చోట్లు ఉండడం శోచనీయం. ఏ రకం ఆపరేషను జరిగింది, ఏ మందులు జీవితాంతం, ఏ మాత్ర నిషిద్ధం, వాంతులు ఆగకపోతే గ్లూకోజుకు ముందు బి1 ఇవ్వాలన్న మాట, ఇవన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కార్డు మీద రాసి ఇవ్వడానికి అయ్యే ఖర్చెంత? ఆ కార్డు పర్సులో ఉంటే ఏ ఊరి డాక్టరు ముందు పడినా మనిషి బతుకుతాడు. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ వారు కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు నెలవారీ సమావేశంలో ఒక పూట దీనికి కేటాయించాలి. కొత్త భవనం గాని, కొత్త పోస్టు గాని అవసరం లేని పని ఇది.

అంతవరకు ఆపరేషనుకు వెళ్ళదలచినవారు చేయగలిగింది ఒకటుంది. ఆసుపత్రి వారిచ్చే అత్యవసర ఫోను నంబరుకు ముందుగానే ఒక రాత్రి పది గంటలు దాటాక ఫోను చేసి చూడాలి. ఎత్తి, తెలుగులో సమాధానం చెప్పే మనిషి ఉన్నాడని తేలాకనే అడ్వాన్సు కట్టాలి.