రేవులో ఆగిన పలకరింపు

2020 మార్చి 25న దేశానికి తాళం పడింది. లాక్‌డౌన్ కరోనా వైరస్‌ను ఆపలేదు గానీ ఆర్థికవ్యవస్థను కూల్చిందని జూన్ 4న పారిశ్రామికవేత్త రాజీవ్ బజాజ్ కుండబద్దలు కొట్టారు. వాడరేవు ఒడ్డున ఒకే వల లాగిన స్నేహితులు ఇలాంటి మాటల మీదే చీలిపోయారు. ఐసు లేక, కొనేవారు రాక తెచ్చిన చేపంతా ఇసుకలో కుళ్లబెట్టుకున్నవాడికి అది తన గోడు. ఆసుపత్రిలో పడక దొరక్క తల్లిని పోగొట్టుకున్నవాడికి అది కడుపు నిండినవాడి మాట. ఇద్దరి బాధా నిజమే. వలస కూలీకి ఇల్లు చేరే దారి చూపకుండా, నాలుగు గంటల గడువుతో అన్నీ మూసేయడం ముమ్మాటికీ తప్పు. అలాగని కట్టడే వద్దనలేం: రోగులు పోటెత్తిన 2021 మేలో తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది ప్రాణాలు పోయాయి. ఎవరో పెద్దమనిషి మాట పట్టుకుని పలకరింపులు మానుకున్నవారు ఈ ఆదివారం రేవుకు వెళ్లండి, ముందు మీరే పలకరించండి.