అంధత్వం ఎవరిది?

ధర్మవీర్ భారతి హిందీ పద్యనాటకం ‘అంధా యుగ్’ 1954లో ప్రచురితమైనది. 1963లో ఇబ్రహీం అల్కాజీ దానిని ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల నడుమ ప్రదర్శింపజేసినాడు. భారతయుద్ధపు పదునెనిమిదవనాటి సాయంకాలం మొదలు శ్రీకృష్ణ నిర్యాణం వరకు నడిచే ఆ కథ నిజమునకు ప్రళయగాథ. దాని గొప్పతనాన్ని కాదనేవారు లేరు. ప్రశ్నింపవలసినది దాని పేరును.

కురువంశాన్ని కూల్చినది అంధత్వమా? పాచికలు విసిరిన శకునికి కన్నులున్నవి. ద్రౌపదిని సభకు ఈడ్చిన దుశ్శాసనునికి కన్నులున్నవి. భీష్మద్రోణులు చూస్తూనే ఊరకున్నారు. ధృతరాష్ట్రుని దోషం పుత్రవ్యామోహం. అది చూపున్న తండ్రులకు లేనిదా? పైగా చూపు లేదన్న కారణాననే జ్యేష్ఠునికి రాజ్యం దక్కలేదని భారతమే చెబుతున్నది. కలహానికి బీజం ఆ నిరాకరణలో లేదా? అయినా యుగపు పాపమంతటికీ అతని కన్నులే పేరు పెట్టవలసివచ్చినది.

అశ్వత్థామ గతి ఇంతకంటె ఘోరం. మూడువేల యేండ్లు చీమునెత్తుటి కంపుతో, తోడు లేక అడవులలో తిరుగుమని సౌప్తికపర్వంలో శాపం. అతడు చేసినది శిశుహత్య. శిక్షగా విధించినది రోగం. అనగా రోగిని చూచినవాడు పాపిని చూచినట్లే. నేటి జాంబీ కథలకు పునాది ఈ భావమే. 1968లో అమెరికాలో జార్జ్ రొమేరో తీసిన చిత్రంతో స్థిరపడిన ఈ జాతి కథ 2021లో ‘జాంబీ రెడ్డి’గా తెలుగునకూ చేరినది. తడబడే నడక, తెలియరాని మాట, పుండ్లుపడిన చర్మం: ఎందరో వికలాంగుల నిత్యజీవితంలోనివే ఈ లక్షణాలు. ఈ కథలలో సాధారణంగా అవే మనుష్యత్వం పోయినదనుటకు గుర్తులు. అట్టివానిని తమ్ముడే కాల్చినా హత్య కాదు, వివేకం. పరుగెత్తలేనివానిని విడిచిపోవుట నిర్దయ కాదు, లెక్క.

ఇది ఉపమానమాత్రమే కదా అని కొందరంటారు. ఉపమానానికి వెల చెల్లించేవారు వేరుగా ఉన్నారు. నిరుపేద కుష్ఠరోగులను వేరుచేసి బంధించిన 1898 నాటి చట్టం 2016లో గాని రద్దు కాలేదు. ఈ రోగం విడాకులకు కారణంగా 2019 వరకు చట్టంలో నిలిచినది. బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్యసంస్థ 1981లోనే సిఫారసు చేసినది, వ్యాధి నయమవుతున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కుష్ఠు నయమైనవారిని వికలాంగులలో చేర్చి రక్షణ కల్పించినది. అయినా కోట్లా శిథిలాలకు యమున ఆవల, తాహిర్‌పూర్‌లో కుష్ఠురోగుల కాలనీలు నేటికీ ఉన్నవి. మందు శరీరాన్ని బాగుచేసినది. వెలివేతను బాగుచేయుట మందుకు సాధ్యమా?

ప్రళయకథ వ్రాయవద్దని ఎవరూ అనరు. కాని లోకం కూలుతున్నప్పుడు నడవలేనివానిని భుజాన మోసినవాడెవడు, దారి తెలిసిన గ్రుడ్డివాని చేయి పట్టుకొన్నవాడెవడు అని అడగని కథకుడు, తాను ఏ ధర్మం నశించినదని శోకిస్తున్నాడో ఆ ధర్మాన్నే మొదటి పుటలో విడిచిపెట్టినవాడు.