పతకం ఉంది... నిద్రే లేదు!

ఇంగ్లండ్‌లోని హెర్‌ఫర్డ్‌షైర్‌లో పీటర్‌చర్చ్ అని ఒక పల్లెటూరు. అక్కడి చర్చి ఆవరణలో బోలెడు సమాధులు. వాటిలో ఒక్క సమాధి రాయి మాత్రం మిగతావాటికి ఎదురు దిక్కుగా తిరిగి ఉంటుంది. దాని కింద ఉన్నది ఏ దొంగో, హంతకుడో అనుకునేరు! బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం ‘విక్టోరియా క్రాస్’ అందుకున్న రాబర్ట్ జోన్స్. మరి అంతటి వీరుడికి ఇదేం మర్యాద?

1879 జనవరి. దక్షిణాఫ్రికాలోని జులూ రాజ్యం మీదికి బ్రిటిష్ సైన్యం దండెత్తింది. ఆ యుద్ధం కోరి తెచ్చుకున్నది బ్రిటిష్ వాళ్లే. జులూలు తమ నేల కోసం పోరాడారు. 22వ తేదీన ఇసాండ్ల్వానా దగ్గర బ్రిటిష్ దళాన్ని దాదాపు తుడిచిపెట్టేశారు. అటువైపు 1,300 మందికి పైగా చనిపోయారు. అదే రోజు సాయంత్రం 3,000 మందికి పైగా జులూ యోధులు నది దాటొచ్చి రోర్క్స్ డ్రిఫ్ట్ అనే చిన్న శిబిరాన్ని చుట్టుముట్టారు. లోపలున్నది సుమారు 150 మంది.

వాళ్లలో ఒకడు రాబర్ట్ జోన్స్. వేల్స్‌లోని పల్లెటూరి కుర్రాడు, వయసు 21. శిబిరంలో గడ్డి కప్పు ఇల్లు ఒకటి ఆసుపత్రిగా వాడుతున్నారు. అందులో ఏడుగురు రోగులున్న గదికి అతనూ, విలియం జోన్స్ అనే ఇంకో సిపాయీ కాపలా. రాత్రయింది. కప్పు అంటుకుంది. తూటాలు అయిపోయాయి. ఇద్దరూ తలుపు దగ్గర నిలబడి, తుపాకీ కొసన ఉన్న బాయొనెట్లతోనే వచ్చినవాళ్లను వచ్చినట్టు ఆపారు. ఆరుగురు రోగుల్ని బయటికి పంపేశారు. ఏడోవాడు సార్జెంట్ మాక్స్‌ఫీల్డ్. జ్వరంతో ఒళ్లు తెలియని స్థితిలో కదలనంటే కదలనన్నాడు. అతని కోసం రాబర్ట్ మళ్లీ లోపలికెళ్లాడు. అప్పటికే మంచం మీదే అతన్ని పొడిచేస్తున్నారు. రాబర్ట్ ఒంటి మీదా మూడు ఈటె గాయాలు.

తెల్లారాక జులూలు వెనుదిరిగారు. శిబిరం చుట్టూ వాళ్ల శవాలు 350కి పైగానే. ఆ ఒక్క పోరాటానికి 11 విక్టోరియా క్రాస్‌లు ఇచ్చారు. రెండు జోన్స్‌లిద్దరివీ!

సైన్యం వదిలాక రాబర్ట్ పీటర్‌చర్చ్ చేరాడు. పెళ్లయింది, ఐదుగురు పిల్లలు పుట్టారు. పొలాల్లో, తోటల్లో కూలి పని చేసుకుంటూ ఇల్లు నడిపాడు. చూసేవాళ్లకు అతనొక మామూలు పాలేరు. కానీ తలనొప్పులు వదల్లేదు. రాత్రిళ్లు పీడకలలు. పగలు నాగలి పట్టినా, పార పట్టినా, కళ్లు మూస్తే మళ్లీ అదే గది.

1898 సెప్టెంబరు 6న, తాను పనిచేసే తోటలో తుపాకీ గాయంతో చనిపోయి కనిపించాడు. వయసు 41. మతి స్థిమితం లేక ఆత్మహత్య చేసుకున్నాడని విచారణలో తేల్చారు. ఆ రోజుల్లో అది పాపం. అందుకే శవపేటికను గేటులోంచి కాకుండా గోడ మీదుగా దాటించారని చెబుతారు. సమాధి రాయినీ అటు తిప్పేశారు.

విలియం సంగతేంటి? గడవక పతకాన్ని తాకట్టు పెట్టాడు. ముసలితనంలో కూడా జులూలు వస్తున్నారని అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచేవాడట. 1913లో మాంచెస్టర్‌లో పేదవాడిగా పోయాడు.

వీళ్లిద్దర్నీ తినేసిన బాధకు అప్పట్లో పేరు కూడా లేదు. ఇవాళ మనం పీటీఎస్‌డీ అంటున్నాం. డాక్టర్ల పుస్తకాల్లోకి ఆ పేరు ఎక్కింది 1980లో! యుద్ధం నుంచి వచ్చినవాళ్లకే కాదు, యాక్సిడెంట్ చూసినవాళ్లకీ, ఇంట్లో హింస పడ్డవాళ్లకీ రావచ్చు. దీనికి వైద్యం ఉంది. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కూడా, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంటుంది. శిక్షించడం కాదు, చికిత్స ఇప్పించమంటుంది.

చట్టం మారింది సరే, మన నోళ్లు మారాయా? ‘పిరికివాడు, అందుకే చచ్చాడు’ అని కామెంట్ పెట్టేముందు రాబర్ట్‌ని గుర్తుచేసుకోండి. మండుతున్న ఇంట్లోకి మళ్లీ వెళ్లినవాడు పిరికివాడా? మీ ఫ్రెండ్ ఎవరైనా నిద్ర పట్టట్లేదు, బతకాలని లేదు అంటే, ‘లైట్ తీస్కో’ అనకండి. పక్కన కూర్చుని వినండి. టెలీ మానస్ నంబర్ 14416. ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. ఆ నంబర్ మీకే కావాల్సి వచ్చినా మొహమాటపడకండి. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.