పెద్దలే ముందు కూర్చుండవలెను

పిడుగురాళ్ల సున్నపు బట్టీలను చూచినవారికి ఒక విషయము తెలిసియే యుండును. రాయి మంచిదైనను, బొగ్గు మంచిదైనను, నిప్పును కనిపెట్టి యుండు అనుభవశాలి లేనిచో మంచి సున్నము చేతికి రాదు. సెగ తగ్గినచో రాయి లోపల పచ్చిగనే మిగులును; మితిమీరినచో నీళ్లు చల్లినను సరిగా విచ్చుకొనదు. కావున సామగ్రి కొని యిచ్చుటతో తన పని తీరినదని ఏ బట్టీ యజమానియు తలంపడు. పల్నాటి న్యాయవాదుల కార్యాలయములలో నేడు ప్రవేశించుచున్న నూతన సాధనములను గూర్చి ఆలోచించునపుడు ఈ దృష్టాంతమే మాకు స్ఫురించుచున్నది.

న్యాయస్థానముల వ్యవహారము కాగితమునుండి కంప్యూటరునకు మారుచున్నదనుట అందరెరిగినదే. 2007లో ఆరంభమైన ఈ-కోర్టుల పథకముయొక్క మూడవ దశకు కేంద్ర మంత్రివర్గము 2023 సెప్టెంబరులో 7,210 కోట్ల రూపాయలతో ఆమోదము తెలిపెను. ప్రతి కేసునకును అక్షరములు, అంకెలు కలిసిన పదునారు స్థానముల సంఖ్య యొకటి ఏర్పడినది. దాని సాయమున వాయిదా ఎన్నడో కక్షిదారుడు తన ఫోనులోనే చూచుకొనవచ్చును. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన తీర్పులను ఎల్లరును ఉచితముగా చదువుకొను ఏర్పాటు గావించెను. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములోని 63వ సెక్షను ప్రకారము, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యముగా నుంచువారు దానితో నిర్ణీతమైన ధ్రువపత్రమును జతపరుపవలెను. కావున "మాకీ యంత్రములతో పనిలేదు" అను న్యాయవాదికి సైతము యంత్రముతో పని తప్పినది కాదు.

బొంబాయి, ఢిల్లీ నగరములలోని న్యాయవాద సంస్థల తీరు వేరు. అచ్చట వందలకొలది న్యాయవాదులు, వారిపై భాగస్వాములు, యంత్రవిషయములకు ప్రత్యేకోద్యోగులు నుందురు. సిరిల్ అమర్‌చంద్ మంగళదాస్ వంటి సంస్థ 2023లోనే కృత్రిమ మేధను తన పనిలోనికి తెచ్చుకొనెను. పిడుగురాళ్ల, గురజాల, నరసరావుపేటలలోని కార్యాలయమన్ననో, ఒక సీనియరు, ఇరువురో మువ్వురో జూనియర్లు, ఒక గుమాస్తా, గోడవెంట కేసుకట్టల బీరువాలు. ఇచ్చట సంఘములు లేవు, తీర్మానములు లేవు. సీనియరుయొక్క స్వభావమే కార్యాలయపు శాసనము. కావున నాయకత్వ భారము నగరమునకంటె ఇచ్చటనే యెక్కువ యని మా యభిప్రాయము.

అయినను సామాన్యముగా జరుగుచున్నదేమి? సీనియరుగారు కంప్యూటరు కొందురు. జూనియరును దాని ముందు కూర్చుండబెట్టుదురు. తాము మాత్రము దానిని ముట్టరు. వాయిదాలకై తమ పాత డైరీనే అడుగుదురు. గుమాస్తా డైరీలో వ్రాయును. జూనియరు అదే సంగతిని మరల కంప్యూటరులో నెక్కించును. కొన్నాళ్లకు రెంటికిని పొంతన కుదురదు. పెద్దలు చూడని పనియందు చిన్నవారికి శ్రద్ధ యెట్లు నిలుచును? ఇల్లలుకగానే పండుగ యగునా? యంత్రము కొనుట అలుకుట మాత్రమే.

ఇంతకంటె గొప్ప ప్రమాదము మరియొకటి కలదు. 2023లో న్యూయార్కు నగరమున, ఒక విమానసంస్థపై నడచిన దావాలో, ముప్పది యేండ్ల యనుభవము గల న్యాయవాది చాట్‌జీపీటీ నడిగి, అది చూపిన తీర్పులను కోర్టున కుదహరించెను. ఆ తీర్పులు లోకమున లేనే లేవు. సంతకము చేసిన మరియొక న్యాయవాది వానిని సరిచూడనే లేదు. న్యాయమూర్తి వారికిని వారి సంస్థకును కలిపి అయిదువేల డాలర్ల జరిమానా విధించెను. అనుభవమున్నను యంత్రపు గుణమెరుగనివాడు మోసపోవుననియు, చదువక చేసిన సంతకము ప్రతిష్ఠను హరించుననియు ఈ యుదంతము చాటుచున్నది. మన దేశమున కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా న్యాయస్థానములకు నియమావళి నేర్పరచి, తీర్పు నిర్ణయించుటకు కృత్రిమ మేధను వాడరాదని శాసించినది. న్యాయమూర్తులకే ఇట్టి కట్టుబాటు అవసరమైనపుడు న్యాయవాదుల కార్యాలయమునకు అక్కరలేదా? కక్షిదారుడు నమ్మి చెప్పిన మాటను బయటపెట్టరాదని సాక్ష్య అధినియమము 132వ సెక్షను ఆజ్ఞాపించుచుండ, తొందరలోనున్న జూనియరు అతని కాగితములను ఎచ్చటనో యున్న పరాయి సంస్థ యంత్రమున కప్పగించినచో, అడ్డుచెప్పు పెద్దదిక్కెవరు?

పెద్దల యాక్షేపణలను మేమెరుగకపోలేదు. వాదమన్నది మనుష్యుని కనిపెట్టుటలో నున్నదనియు, గట్టు తగాదాలోని నిజము యంత్రమునకు తెలియదనియు వారందురు. అది సత్యమే. సత్యమగుటచేతనే వారు ముందునకు రావలెను. యంత్రము చెప్పిన దానిలో పొల్లేదో గింజయేదో చెరుగగల చేట అనుభవమే కదా! ఇక ఈ వయస్సున నేర్చుకొనజాలమను మాట మేమంగీకరింపము. 2024లో శిక్షాస్మృతి మారినపుడు, యావజ్జీవము నాలుకపై నాడిన 302వ సెక్షను 103గను, 420 కాస్త 318గను మారగా, మన సీనియర్లు మరల పుస్తకము పట్టి నేర్చుకొనలేదా? ఆ పట్టుదలయే ఇచ్చటను చాలును.

కర్తవ్యము సులభము. సీనియరు దినమున కొక గంట తానే యంత్రముకడ కూర్చుండి, తన కేసుల వాయిదాలను తానే చూచుకొనవలెను. ఏ కాగితమును బయటి యంత్రమునకు చూపరాదో, ఏ తీర్పును మూలముతో సరిచూడక ఉదహరింపరాదో, నాలుగు పంక్తులలో వ్రాసి గోడకు కట్టవలెను. గుమాస్తాను తొలగించుటకు గాక, అతనికి నేర్పుటకు పూనుకొనవలెను. ఏ కట్టలో ఏమున్నదో అతనికి తెలిసినంత మరెవరికిని తెలియదు.

ఇందు కక్షిదారుని మేలు కలదు. వాయిదా తేదీ ఒక్కటి తెలిసికొనుటకై ఒకనాటి కూలిని, బస్సు చార్జీని పోగొట్టుకొని మెట్టపల్లెనుండి వచ్చి అరుగుపై కూర్చుండు రైతును చూడుడు. అతనికి ముందునాడే కబురందినచో ఆ దినము అతనిది. యంత్రముయొక్క విలువను మేమా దినముతోనే కొలుతుము.

పల్నాటి బ్రహ్మనాయుడు చాపకూడు నేర్పరచినపుడు, అన్ని కులములవారిని కూర్చుండుడని యాజ్ఞాపించి తాను వేరుగా భుజించినచో ఆ పంక్తి నిలుచునా? తానును ఆ చాపపైననే కూర్చుండెను గనుకనే ఆ మాట నేటికిని పల్నాట నిలిచియున్నది. క్రొత్త పంక్తి యేదైనను పెద్దలు ముందు కూర్చున్నగాని సాగదు. మన సీనియరు న్యాయవాదులు ఈ సంగతి గుర్తెరిగి, జూనియరు ప్రక్కన మరియొక కుర్చీ వేసికొందురుగాక!