‘అయ్లా’ చూడండి మిత్రులారా

2017లో వచ్చిన టర్కీ సినిమా ‘అయ్లా’ని మనవాళ్లంతా చూడాలని మా మాట. ఇది నిజంగా జరిగిన కథ. 1950లో కొరియా యుద్ధానికి పోయిన సులేమాన్ అనే సైనికుడికి ఒక అనాథ పాప దొరుకుతుంది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా తండ్రీకూతుళ్లయ్యారు. ఆయన తిరిగి టర్కీ వెళ్లిపోవాల్సి వచ్చింది. మళ్లీ కలిసింది 2010లోనే!

సైనికుడి మనసు గొప్పదే, కాదనం. కానీ ఆ పాపను అనాథను చేసింది యుద్ధమే కదా? తుపాకీ పట్టినవాళ్ల దయ మీద పిల్లలు బతికే రోజు ఏ ఊరికీ రాకూడదు.

మన హాస్టళ్లలో భాష రాక మూలన కూర్చునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటారు. వాళ్ల పక్కన కూర్చుందాం. దానికి యుద్ధం రానక్కర్లేదు.