పాతికేళ్ల ఫలితాన్ని తిరగరాసిన పొరపాటు

పిడుగురాళ్ల నుంచి మాచర్ల దాకా సున్నపురాయి క్వారీలున్న పల్నాడులో జిలెటిన్ అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. పాతతరం జిలెటిన్ కడ్డీల్లో పేలేది నైట్రోగ్లిజరిన్. గుండెనొప్పికి నాలుక కింద పెట్టే మందూ అదే. దాని వాడకాన్ని లండన్ వైద్యుడు విలియం మురెల్ 1879లోనే వివరించారు. రక్తనాళాన్ని సడలిస్తుందని తెలుసు, ఎలా సడలిస్తుందో తేలడానికి మరో వందేళ్లు పట్టింది.

ఆ చిక్కుముడి విప్పినవారిలో ముఖ్యుడు అమెరికన్ ఫార్మకాలజిస్టు రాబర్ట్ ఫర్చ్‌గాట్. 1953లో ఆయన కుందేలు బృహద్ధమనిని సర్పిలంగా కోసి, ఆ పట్టీ మీద మందులు పరీక్షించే పద్ధతిని ప్రచురించారు. బతికున్న జంతువులో నాళాలను వెడల్పు చేసే ఎసిటైల్‌కోలిన్, ఆ పట్టీని మాత్రం బిగించేది. పాతికేళ్లు ఆ వైరుధ్యం అలాగే ఉండిపోయింది.

1978 మేలో టెక్నీషియన్ డేవిడ్ డేవిడ్సన్ ప్రయోగంలో వరుస తప్పారు. నాళాన్ని బిగించే నారెపినెఫ్రిన్‌ను కడగకుండానే, ఎసిటైల్‌కోలిన్ లాగే పనిచేసే కార్బకాల్ వేశారు. మరింత బిగుసుకోవలసిన నాళం సడలింది! ఇంకొకరైతే మళ్లీ మొదలుపెట్టమనేవారు. 61 ఏళ్ల ఫర్చ్‌గాట్ మాత్రం తన పాత పద్ధతినే అనుమానించారు. పట్టీని కోసేటప్పుడు లోపలి పలుచని పొర, ఎండోథీలియం, రాపిడికి ఊడిపోతోందని తేల్చారు. పొర ఊడిన పట్టీకి పొర ఉన్న పట్టీని ఆనిస్తే అదీ సడలింది. అంటే ఆ పొర ఏదో విడుదల చేస్తోంది. 1980లో సహపరిశోధకుడు జవాడ్జ్‌కీతో కలిసి 'నేచర్'లో ఈ సంగతి ప్రకటించారు.

ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ వాయువేనని 1986లో ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో విడివిడిగా ప్రతిపాదించారు. నైట్రోగ్లిజరిన్ నుంచి వెలువడేదీ అదేనని ఫెరీద్ మురాద్ 1977లోనే చూపారు. 1998 నోబెల్ ఈ ముగ్గురికీ దక్కింది. 1987లో నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలిచి చూపిన సాల్వడార్ మొంకాడాను వదిలేయడం, నా దృష్టిలో, అన్యాయమే.

మళ్లీ పల్నాడుకు వస్తే, నరసరావుపేట చుట్టూ ఫార్మసీ కళాశాలలున్నాయి. నేటి బి.ఫార్మసీ సిలబస్ ప్రకారం జంతు ప్రయోగాలను సాఫ్ట్‌వేర్, వీడియోలతో చూపిస్తారు. మూగజీవాల ప్రాణం దృష్ట్యా అది మంచిదే. కానీ ముందే రాసిపెట్టిన జవాబు తప్ప సాఫ్ట్‌వేర్ మరోటి ఇవ్వదు. డేవిడ్సన్ లాంటి పొరపాటుకు అందులో చోటే లేదు. కబేళా నుంచి తాజాగా తెచ్చిన మేక రక్తనాళంతో ఆర్గాన్ బాత్‌లో, అంటే కణజాలాన్ని సజీవంగా ఉంచే ద్రవపు పాత్రలో, ఈ ప్రయోగం చేయవచ్చు. అందుకు కొత్తగా ఏ జంతువునూ చంపనక్కర్లేదు.