పొగమంచు, పసుపు దీపం

మంచు అనే ఒక్క మాటతో తెలుగువాడు మూడు వస్తువులను చెప్పుకొంటాడు. హిమాలయాల మీద గడ్డకట్టేదీ మంచే, తెల్లవారి గడ్డిపరక మీద బిందువై నిలిచేదీ మంచే, కళ్లముందరి దారిని మింగివేసేదీ మంచే. సంస్కృతంలో హిమము, తుషారము, నీహారము మొదలైన మాటలు ఉన్నా, వాటి హద్దులు కూడా కవుల చేతిలో చెరిగిపోయినవే. మొదటి మంచు ప్రవరుని పాదలేపాన్ని కరగించి మనుచరిత్ర కథను నడిపించింది. రెండవది కవులకు ముత్యాల ఉపమానాలు సమకూర్చింది. మూడవదానిని ఆదిపర్వంలో పరాశరుడు యమునానది మీద కల్పించాడు, లోకుల చూపుకు అడ్డుగా. కప్పడమే దాని పని. ఆ కప్పే మంచును గురించీ, అందులో దారి చూపవలసిన ఒక చిన్న దీపాన్ని గురించీ ఈ టపా.

పరాశరుని నాటి మంచు ఎవరి ప్రాణమూ తీయలేదు. అదే యమునా తీరాన 2012లో ప్రారంభమైన ఎక్స్‌ప్రెస్‌వే మీద శీతాకాలంలో వాహనాలు ఒకదాని వెనుక ఒకటి గుద్దుకొన్న వార్తలను మాత్రం మనం చదువుతూనే ఉన్నాం. ఉత్తరాది మంచుతో పోల్చితే మా గోపాల్‌పేట మంచు లెక్కలోనిది కాదు. ఏడాదికి కొన్ని ఉదయాలు, అదీ కొన్ని గంటలు. అయితే ప్రమాదానికి గంటలు అక్కరలేదు, రెండు క్షణాలు చాలు.

తెల్లవారుజామును మా పాలమూరులో "మబ్బుల" అంటారు. మబ్బుల లేచి, మబ్బుల బయలుదేరి అని వాడుక. మార్గశిర పుష్యమాసాలలో ఆ మబ్బుల వేళ వనపర్తి, నాగర్‌కర్నూలు దారులలో ఎవరెవరుంటారో చూడండి. పాలక్యాన్లు వేలాడే మోటారు సైకిళ్లు, పత్తి ఏరడానికి ఆడకూలీలను కుక్కుకొని పోయే ఆటోలు, వడ్ల బస్తాలతోనో వేరుసెనగ మూటలతోనో పోయే ట్రాక్టర్లు, దారి దాటే గొర్రెల మందలు. వీటికి తోడు తారురోడ్డు మీదనే ఆరబోసిన వడ్లు, వాటి మీదికి బండ్లు రాకుండా చుట్టూ పేర్చిన రాళ్లు. ఈ జాబితాలో సగానికి వెనుక దీపమే ఉండదు. గొర్రెకు ఎలాగూ ఉండదు. కల్వకుర్తి ఎత్తిపోతల నీరు ఈ వైపుకు వచ్చి చెరువులు నిండిన తరువాత చెరువుకట్టల దగ్గర మంచు మునుపటికన్న చిక్కగా నిలుస్తున్నదని నా కళ్లకు తోస్తున్నది.

ఈ నడుమ మా వైపు కార్లకు పసుపుపచ్చని ఫాగ్ లైట్లు బిగించుకొనే ఉత్సాహం బాగా పెరిగింది. తక్కువ ధర రకాల కార్లకు చాలావాటికి కంపెనీ నుండి ముందు ఫాగ్ లైట్లు రావు. బంపరులో వాటి చోట ఒక గుంట, దానికొక ప్లాస్టిక్ మూత మాత్రం ఉంటాయి. ఆ మూత తీసి దీపం పెట్టించుకోవాలన్న కోరికలో తప్పేమీ లేదు. దీనికి "మంచుదీపం" అన్న పేరు నాకు తోచింది. ఇంతకన్న మంచి మాట మిత్రులకు తోస్తే తెలుపగలరు. పేరు ఏదైనా నేను చెప్పదలచినది ఒకటే. ఈ దీపం గుణం దాని రంగులో లేదు, తలవంచడంలో ఉన్నది.

నా దగ్గర చదువుకొని ఇప్పుడు సొంత కారును కిరాయికి నడుపుకొంటున్న శిష్యుడొకడు "సార్, పసుపుపచ్చయి పెట్టియ్యాల్నా, తెల్లయి పెట్టియ్యాల్నా?" అని అడిగాడు. దుకాణంలో "పసుపు లైటు మంచును చీల్చుకొని పోతది" అని చెప్పారట. తెలుగు పంతులును కారు దీపాల గురించి అడగడమేమిటని మీరు నవ్వవచ్చు. అయితే "చీల్చుకొని పోవడం" అన్నది అలంకారమే కదా! అలంకారాన్ని పరీక్షించడం మా వృత్తిలోని పనే.

పసుపు కాంతి మంచును చీల్చుతుందన్న నమ్మకానికి మూలం ఒక నిజమైన శాస్త్ర విషయమే. గాలి అణువుల వంటి అతి సూక్ష్మమైన కణాలు నీలికాంతిని ఎక్కువగా, ఎరుపు పసుపులను తక్కువగా చెదరగొడతాయని 1871లో ఇంగ్లండులో రేలీ అనే శాస్త్రవేత్త నిరూపించాడు. ఆకాశం నీలంగా కనిపించడానికి కారణం అదే. అయితే ఈ నియమం కాంతి తరంగం కన్న బాగా చిన్నవైన కణాలకే వర్తిస్తుంది. పసుపు కాంతి తరంగం పొడవు సుమారు 0.58 మైక్రాన్లు. మంచు తుంపరలు సాధారణంగా కొన్ని మైక్రాన్ల నుండి కొన్ని పదుల మైక్రాన్ల దాకా ఉంటాయి. తరంగం కన్న ఎన్నో రెట్లు పెద్దవైన ఈ తుంపరల ముందు రంగులన్నీ దాదాపు సమానమే. అన్నింటినీ ఒకే తీరున చెదరగొడతాయి.

దీనికి ప్రయోగశాల అక్కరలేదు. వెలుగుతున్న బీడీ కొస నుండి లేచే పొగను చూడండి, నీలంగా ఉంటుంది. దాని కణాలు అంత సన్ననివి. పొగమంచును చూడండి, తెల్లగా ఉంటుంది. నీలాన్ని మాత్రమే చెదరగొట్టేదైతే అది కూడా నీలంగానే కనిపించవలసింది. మంచు తన తెల్లదనంతో తానే సాక్ష్యం చెబుతున్నది.

మరి పసుపుకు ఏ విలువా లేదా? ఉన్నది. తెల్లని దీపంలోని నీలిభాగం కంటికి ఎక్కువగా మెరమెర పుట్టిస్తుంది. అది తీసివేస్తే మిగిలిన కాంతి కంటికి హాయిగా ఉంటుందని చాలామంది అనుభవం. నా అనుభవమూ అదే. ఫ్రాన్సు దేశంలో 1936 నాటి ఉత్తర్వు మూలంగా కార్ల హెడ్‌లైట్లే పసుపు కాంతినివ్వాలన్న నియమం 1993 వరకు అమలులో ఉండేది. అర్ధశతాబ్దానికి పైగా ఒక దేశం మొత్తం పసుపు వెలుగులో ప్రయాణం చేసింది. చివరకు ఐరోపా దేశాలన్నింటికీ ఒకే నియమం రావడంతో వదులుకొన్నది. అంతర్జాతీయ ప్రమాణాలు ఫాగ్ లైటు తెలుపైనా పసుపైనా కావచ్చునని రెండింటినీ అనుమతిస్తున్నాయి. కాబట్టి పసుపును ఎంచుకొనేవారిని నేను వారించను. అయితే దానికి మూడవ పీట వేస్తాను. మొదటి పీట దీపం బిగించే ఎత్తుకు, రెండవ పీట వెలుగు పడే తీరుకు.

కారణం చెబుతాను. మంచులో హైబీమ్ వేసిన వారందరికీ తెలుసు, ముందు తెల్లని గోడ లేచినట్టుంటుంది. మన చూపు పోయే దారిలోని తుంపరల మీద మన వెలుగే పడి, తిరిగి మన కంటికే వస్తుంది. వెలుగును పెంచినకొద్దీ గోడ మందమవుతుంది. దీపం కింద ఉండి, దాని వెలుగు పైకి పోకుండా అడ్డంగా వెడల్పుగా నేలబారున పరచుకొంటే, చూపు పోయే దారిలోని మంచు మీద తక్కువ వెలుగు పడుతుంది. రోడ్డు అంచు, తెల్లగీత, మలుపు కనిపిస్తాయి. ఐరోపా ప్రమాణాలలో కార్ల ఫాగ్ లైటు నేల నుండి 25 సెంటీమీటర్ల కన్న కిందగానీ 80 సెంటీమీటర్ల కన్న పైనగానీ ఉండరాదన్నది అందుకే. పైకప్పు మీద వరుసగా పసుపు దీపాలు పెట్టించుకొనేవారు మంచుదీపాలు పెట్టించుకొంటున్నట్టు కాదు, ఉత్సవ విగ్రహాన్ని ఊరేగిస్తున్నట్టు.

ఇక ఎంపిక. దీపం అద్దం మీద అచ్చువేసిన గుర్తులను చదవండి. వలయంలో "ఈ" అక్షరం, పక్కన అంకె ఉంటే అది పరీక్షకు నిలిచిన దీపమని అర్థం. "బి" అన్న అక్షరంగానీ "ఎఫ్3" అన్న గుర్తుగానీ ఉంటే అది ముందు ఫాగ్ లైటుగా ఆమోదం పొందినది. ఏ గుర్తూ లేనిదాన్ని, ఎంత మెరిసినా, వదిలివేయండి. హాలొజెన్ బల్బు పెట్టుకొనేటట్టయితే అద్దం గాజుదైతే మేలు. 55 వాట్ల బల్బు వేడికి నాసిరకం ప్లాస్టిక్ మసకబారుతుంది, అంటించిన పసుపు స్టిక్కరు ముడతలుపడి ఊడివస్తుంది. 100 వాట్ల బల్బు పెట్టిస్తే వెలుగు కన్న ముందు హోల్డరు కరుగుతుంది. హాలొజెన్ కోసం చేసిన గిన్నెలో ఎల్‌ఈడీ బల్బును దూర్చడం అన్నింటికన్న చెరుపు. ఆ గిన్నె వంపు ఒక సన్నని తీగ ఉండే చోటును బట్టి లెక్కకట్టినది. వెలుగు పుట్టే చోటు మారితే వంగవలసిన వెలుగు నలుదిక్కులకూ చిమ్ముతుంది. ఎల్‌ఈడీ కావాలనుకొంటే దానికోసమే తయారైన దీపాన్ని మొత్తంగా కొనడం మంచిది.

బిగించే పనిలో రెండు మాటలు. 55 వాట్ల దీపాలు రెండింటికి 12 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్ల కరెంటు కావాలి. అంత కరెంటును డ్యాష్‌బోర్డు స్విచ్చి గుండా పంపకూడదు. బ్యాటరీ నుండి వచ్చే తీగకు బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు, తరువాత రిలే, ఆ తరువాత దీపం. స్విచ్చి రిలేను మాత్రమే ఆడించాలి. కంపెనీ తీగలను కోసి టేపు చుట్టే ఆటో ఎలక్ట్రీషియనుకు నమస్కారం పెట్టి ఇంకొకరిని చూసుకోండి. కప్లర్లతో వచ్చే సిద్ధమైన వైరింగు సెట్టు దొరుకుతుంది.

అసలు పని దీని తరువాత ఉన్నది. మా వైపు తొంభైపాళ్లు దానిని చేయకుండానే డబ్బు చెల్లించి వచ్చేస్తారు. సాయంత్రం చీకటి పడ్డాక చదునైన నేల మీద, గోడకు ఐదు మీటర్ల దూరంలో కారును నిలపండి. దీపం మధ్యభాగం నేల నుండి ఎంత ఎత్తులో ఉన్నదో కొలిచి, గోడ మీద ఆ ఎత్తున సుద్దతో గీత గీయండి. దానికి పది సెంటీమీటర్ల కింద మరొక గీత. వెలుగు పై అంచు ఆ రెండవ గీత మీద నిలిచేటట్టు స్క్రూ తిప్పించండి. సుద్దముక్కతో అయ్యే పని. నలభై ఏళ్లు సుద్దముక్క పట్టినవాణ్ణి గనుక దానిమీద నాకు నమ్మకం ఎక్కువ.

చట్టం కూడా ఈ మాటే చెబుతున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వ నియమాన్ని చదివి నేను ముచ్చటపడ్డాను. ముందు దీపం వెలుగు శాశ్వతంగా కిందికి వంగి ఉండాలట. దీపానికి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుండి మీటరున్నర ఎత్తున కన్ను ఉన్న మనిషికి మిరుమిట్లు గొలపరాదట. ఎవరా మనిషి? ఎదురుగా మోటారు సైకిలు మీద వచ్చే పాలవాడు. దారిపక్కన నడిచే ముసలమ్మ. చట్టం ఎన్నడూ చూడని ఒక మనిషి కన్ను ఎంత ఎత్తున ఉంటుందో కొలిచి పెట్టుకొన్నది. 1988 చట్టంలోని 52వ సెక్షను బండి మార్పులకు హద్దు గీసింది. ఆ హద్దును 2019 జనవరిలో సుప్రీంకోర్టు మరింత గట్టిపరచింది. బంపరును కోయకుండా, కంపెనీ విడిచిన గుంటలోనే, ఆ కారుకోసం చేసిన దీపాన్ని పెట్టించుకోవడం అన్నివిధాలా క్షేమం.

మంచు లేని రాత్రి ఈ దీపాలు వెలిగించుకొని ఊరేగడం సంస్కారం కాదు. మా ఊరినుండి వనపర్తి పోయే దారిలో వెన్నెల రాత్రి కూడా పసుపు దీపాలు రెండు, తెల్ల దీపాలు రెండు, అన్నీ వెలిగించుకొని వచ్చే కార్లు కనిపిస్తాయి. ఎదుటి బండివాడు డిప్పర్ కొట్టినా దించరు. "దీపం కింద చీకటి" అన్నారు పెద్దలు. ఈ కాలపు చీకటి దీపానికి ఎదురుగా, ఇంకొకడి కంట్లో పడుతున్నది.

దీపం ఎంత మంచిదైనా వేగానికి అది అనుమతిపత్రం కాదు. వాతావరణ శాఖ లెక్కలో చూపు వేయి మీటర్ల లోపైతే పొగమంచు, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదుట ఉన్నదేమిటో గ్రహించి బ్రేకు మీద కాలు వేసేలోగానే 25 మీటర్లు దాటిపోతాయి. ఆ పైన తడిరోడ్డు మీద బండి ఆగాలి. ఫాగ్ లైటు చూపేది పట్టుమని కొద్ది మీటర్ల దారినే. అది మెల్లగా పోయేవానికి తోడు, తొందరపడేవానికి మోసం.

నా శిష్యునికి ఇదంతా చెప్పి, చివరకు ఇంకొక మాట అన్నాను. "నాయనా, పసుపువే పెట్టించుకో. మిగిలిన డబ్బుతో ఎర్ర రేడియం స్టిక్కరు ఒక చుట్ట కొని, మీ పక్కింటివాళ్ల ట్రాక్టరు ట్రాలీ వెనుక అంటించు." రేడియం స్టిక్కరులో రేడియం ఉండదు, అది వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపే పట్టీ మాత్రమే. అయితే దానికి బ్యాటరీ అక్కరలేదు, ఫ్యూజు అక్కరలేదు. ఆగిపోయిన ట్రాలీ మీద కూడా పనిచేస్తుంది. మన ఫాగ్ లైటు వెలుగు నేలబారున పోతుంది గనుక, ఆ పట్టీని ట్రాలీ వెనుక కింది భాగంలో, రెండు మూలలకూ అంటించాలి. ఎద్దుబండికీ, పాలక్యానుకూ కూడా రెండు ముక్కలు అంటించవచ్చు.

మన కారుకు ఎన్ని దీపాలు పెట్టించుకొన్నా, దీపం లేనివాడు మనకు కనిపించకపోతే ఆ ఖర్చు ఎందుకు? చలికాలం రాకముందే మీ మీ ఊళ్లలో ఈ పని చేయించగలిగితే సంతోషిస్తాను. రోడ్డు మీద వడ్లు ఆరబోసే రైతులకు కూడా, రాత్రికి రాళ్లు తీసివేయమని కాస్త నచ్చజెప్పండి. కోపంతో కాదు సుమా, వాళ్లకు కళ్లం లేకనే రోడ్డు మీదికి వచ్చారు.

సెలవు.